బెదురు గుర్రం

గుర్రం మీద నుంచి పడ్డవాడు ఆ పూటే మళ్లీ ఎక్కాలంటారు. నాకు రెండేళ్లు పట్టింది. తుంటి ఎముక అతకడానికి ఆరు నెలలు పోయాయి, మిగతాదంతా భయమే. ఆ మాట అప్పట్లో ఎవరైనా నా ముందు అని ఉంటే చెంప పగలగొట్టేవాణ్ని.

మాది వలలు లాగే కుటుంబం. నాకేమో పడవెక్కితే వాంతులు. అందుకని పదిహేనేళ్లప్పుడు, బీచిలో గుర్రాలు తిప్పే మా అక్క మొగుడి దగ్గర చేరాను. సాయంత్రాలు పిల్లల్ని ఎక్కించి నడిపించేవాళ్లం. పెళ్లిళ్ల రోజుల్లో స్టీలు ప్లాంటు క్వార్టర్ల వైపు, ఉత్తరాది వాళ్ల ఊరేగింపులకు గుర్రాన్ని తీసుకెళ్లేవాళ్లం. తెల్లవారుతూనే తడి ఇసుక మీద ఒక్కోదాన్నీ దౌడు తీయించడం నా పని. అలా పరిగెత్తించకపోతే సాయంత్రం పిల్లల్ని వీపు మీద పెట్టుకుని చిందులేస్తాయి. మా మూడు గుర్రాల్లో తెల్లది ఆడది, మహా పొగరుబోతు. నా చేతికి తప్ప లొంగేది కాదని ఊరంతా చెప్పుకునేవారు. నేను కూడా చెప్పుకునేవాణ్ని.

పడ్డ రోజు కాలేజీ కుర్రాళ్లు కొందరు ఫోన్లలో రీలు తీస్తామన్నారు. ఉబ్బిపోయి తెల్లదాన్ని దౌడు మీద తెచ్చాను. ఒడ్డుకు లాగిన ఒక పడవ నుంచి ఇసుకలో దిగేసిన గుంజ దాకా మోకు బిగిసి ఉంది, మోకాలెత్తున. గుర్రం దాన్ని చూసి ఆగింది. నేను చూడలేదు. జాలరి కడుపున పుట్టి, పడవున్న చోట మోకుంటుందని మరిచిపోయినవాణ్ని నన్నొక్కణ్నే చూశాను. ఫోన్ల ముందు పరువు తీసిందన్న ఉక్రోషంతో పగ్గాల కొసతో రెండు బాదాను. అది దూకింది. వెనక కాలు మోకుకు తగిలి ఇద్దరం పడ్డాం. కుర్రాళ్లు పారిపోయారు.

ఆస్పత్రిలో బావ మంచం పక్కన కూర్చుని అడిగాడు.

"ఏటైందిరా? ఎలగ పడిపోయేవు?"

"బెదిరిపోనాది," అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. చూడ్డానికి వచ్చినవాళ్లు పడ్డవాడు చెడ్డవాడు కాడంటూ నన్ను ఓదార్చారు, గుర్రాన్ని తిట్టారు. నేను ఊరుకున్నాను.

మా పనిలో బెదురు గుర్రం అన్న పేరు కంటే ఘోరమైనది లేదు. ఏ తల్లీ పిల్లను ఎక్కించదు. టపాకాయల మధ్య పెళ్లికొడుకును మోయడానికి పనికిరాదు. బావ దానికి ముళ్ల కళ్లెం వేశాడు. నోట్లో ఉండే ఇనుప కడ్డీకి మొనలుంటాయి, పగ్గం లాగితే నాలుకలో దిగుతాయి. కళ్లెం వేసి, ముందు టపాకాయలు కాల్పించి, కదిలినప్పుడల్లా లాగి కొట్టేవాడు. ఆ సంగతి నాకు ఫోనులో ఆయనే చెప్పాడు.

"దాన్ని దార్లో పెడతన్నాను. నువ్వేటీ బెంగెట్టుకోకు," అన్నాడు.

మంచిది బావా అన్నాను. నిజం చెప్పడానికి అప్పుడు కూడా వేళ మించిపోలేదు.

కాలు నేల మీద ఆనాక పరవాడలో ఒక మందుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడ్డాను. గుర్రాల పని ఎందుకు మానేశావని అడిగితే నడుం నొప్పనేవాణ్ని. పోయిన ఏడాది బావకు మోకాళ్లు పట్టేసి, తెల్లారి దౌడుకు మనిషి లేక, రమ్మని కబురు పెట్టాడు. వెళ్లాను. ఆ పని తప్ప నాకు వచ్చినదేదీ లేదు. అది కూడా పోతే ఆ గేటు దగ్గరే ముసలివాణ్నవుతాను.

మొదటి రోజు ఎర్ర గుర్రాన్ని ఎక్కబోయాను. రికాబులో కాలు పెట్టి మళ్లీ తీశాను. ఎలాగో ఎక్కి నాలుగడుగులు వేయించి, అది తల విదిలించగానే దిగిపోయాను. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"తెల్లదాన్నెక్కు. అదిప్పుడు మేకపిల్ల," అన్నాడు బావ.

నిజమే. ఎక్కుతున్నంతసేపూ కదల్లేదు. నడవమంటే నడిచింది, ఆగమంటే ఆగింది. నాలుగు రోజులు నడక, వారం రోజులు తేలిక పరుగు. పన్నెండో రోజు దౌడు తీయించాను. గాలి మొహానికి కొడుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాను, అంత సంతోషం. ఒడ్డున వలలు సర్దుకుంటున్నవాళ్లు ఈలలేశారు.

ఆ పొద్దున్నే దాని నోరు కడుగుదామని కళ్లెం తీశాను. నాలుక మీద అడ్డంగా గాడి. పెదవి మూలలు చెప్పు తోలులా మందమయ్యాయి. నా చెయ్యి పైకి లేవగానే కళ్లు మూసుకుంది. ఆ మొనల్ని నా నోటితోనే దాని నోట్లో పెట్టాను. బావ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. మోకు సంగతి, బాదిన సంగతి.

ఆయన బీడీ ముట్టించి గుర్రం వంక చూశాడు.

"అయిపోనాది కదా. ఇంకెందుకు? ఒకందుకు మంచిదే. అప్పటి గుర్రమే అయితే నువ్విప్పుడు ఎక్కగలవేటి?"

నాకు వచ్చిందనుకున్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు కళ్లెం లేకుండా, మెడకు మెత్తటి తాడు మాత్రం కట్టి ఎక్కాను. ఒక్కసారి మొండికేస్తే బాగుండునని, నన్ను కింద పడేసినా ఫరవాలేదని మనసులో అనుకుంటూనే ఉన్నాను. మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ గొడుగు గాలికి లేచి, దొర్లుకుంటూ సరిగ్గా దాని కాళ్ల ముందుకు వచ్చి పడింది. ఏ గుర్రమైనా పక్కకు దూకుతుంది. ఇది ఉన్నచోటే ఆగిపోయింది. తల వంచి, కళ్లు మూసుకుని, దెబ్బ కోసం నిలబడింది.

"మంచి గుర్రం బాబూ, బెదరదు," అంది ఆవిడ గొడుగు తీసుకుంటూ.

దిగాను. తాడు విప్పి ఇసుకలో పడేశాను. ముందు ఒడ్డంతా ఖాళీగా ఉంది. దాని మెడ మీద చెయ్యి వేసి "పో" అన్నాను.

పోలేదు.