నోవహన్న పెద్ద ట్యూబా

చోడవరం బ్యాండులో నేను సైడ్‌డ్రమ్ము కొడతాను. నా పేరు సత్యారావు. ఇన్నేళ్ళూ నా చెయ్యి తప్పలేదంటే అది నా గొప్పేం కాదు, పక్కన నడిచే నోవహన్న ఊదే ట్యూబా బూరది. అది "బొం" అంటే నా కర్ర పడుతుంది. ముప్పై ఏళ్ళ నుంచీ అంతే.

ఈమధ్య పెళ్ళివాళ్ళకు బూర ఎంత పెద్దదో కావాలి గానీ ఏం పలుకుతుందో అక్కర్లేదు. ఖర్మ! మా ఓనరు బాలు, ఒంటి చుట్టూ తొడుక్కునే పెద్ద ట్యూబా ఒకటి కొనుక్కొచ్చాడు. దాని మూతి మీద బ్యాండు పేరు, ఫోన్ నంబరు రాయించాడు.

"మావా, పాతది ఒగ్గేసి ఇది ఎత్తుకో. నేకపోతే ఇంకొకడ్ని సూసుకుంటాను" అన్నాడు నోవహన్నతో.

నోవహన్నకు యాభై ఎనిమిది. చర్చి మెట్లెక్కితేనే ఆయాసం. ఆ బూరకేమో పాతదానికి రెట్టింపు గాలి కావాలి. ఎత్తుకుంటే ఊపిరి చాలదు, వద్దంటే బ్యాండులో చోటు పోతుంది. వారం రోజులు తేల్చుకోలేక నలిగిపోయాడు. భార్య స్వర్ణకుమారి మాత్రం "ఒద్దయ్యా, నువ్వు బతికుంటే సాలు నాకు" అనేసింది.

ఊపిరి చాలదని చెబితే బాలు నవ్వాడు. "నిన్ను ఊదమన్నదెవడు మావా? తగిలించుకుని నడు. మిగతాది డీజే బండి సూసుకుంటాది."

నాకు ఒళ్ళు మండింది. నోవహన్నకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "సరేలే" అని ఒప్పేసుకున్నాడు.

రావికమతంలో పెళ్ళి ఊరేగింపు. డీజే అదిరిపోతోంది. పెద్ద బూర పక్కన నిలబడి పిల్లాజెల్లా సెల్ఫీలు. నోవహన్న మూతి బిగించుకుని నడుస్తున్నాడు. అమ్మవారి గుడి దగ్గరికి రాగానే డీజే కట్టేశారు. గుడి దాటేదాకా అమ్మవారికి ఉత్త మేళమే వినిపించాలి, అది అక్కడి పద్ధతి. ఆ సంగతి మాలో ఒక్కడికైనా గుర్తుండొద్దూ!

నోవహన్న కంగారుగా పెదవులు ఆనించి ఊదాడు. నాలుగడుగులు పలికింది. తర్వాత ఉత్త గాలి. ఎక్కడ కొట్టాలో తెలియక నా కర్ర ఆగిపోయింది.

ఊరేగింపు అయ్యాక నోవహన్న కల్వర్టు మీద కూలబడ్డాడు. బాలు వచ్చి, "ఎవడూ కనిపెట్టలేదులే మావా, వీడియోలో బలే పడ్డావు" అన్నాడు.

"సత్యారావు ఆగిపోనాడు కదరా."

"నేదన్నా, నానే తప్పీసేను" అన్నాను.

"ఊరుకోరా బాబూ. ముప్పై ఏళ్ళలో ఎప్పుడు తప్పేవు నువ్వు?" అని మెల్లగా బూర తీసి కింద పెట్టాడు. "బాలూ, నాను పాతదే ఊదుతాను. పిలిస్తే వస్తాను. పిలవకపోతే పడుకుంటాను."

నాలుగు నెలలైంది. బాలు పిలవలేదు. పెద్ద బూర ఇప్పుడు ఇంకెవడో మోస్తున్నాడు, వాడికి ఊదడమే రాదు. నేను వాడి కాళ్ళు చూసుకుంటూ కర్ర వేస్తున్నాను. పెళ్ళిళ్ళకి నోవహన్న ఇంటి ముందునుంచే వెళ్ళాలి. సిగ్గేసి అటు తల తిప్పను.