ఎర్ర పీలిక కట్టిన జొన్న

ఎనభైల్లో వ్యవసాయ కాలేజీలో పరిశోధన చేస్తున్న రోజుల్లో, పల్నాటి జొన్న చేలల్లో ఆకులు వంచుకుంటూ తిరగడమే నా చదువు. ఇంట్లోవాళ్లు పెద్ద చదువనుకునేవారు. దారిన పోయేవాళ్లు గేదెకు మేత ఏరుకుంటున్నాననుకునేవారు.

మామూలు జొన్నాకు వంచితే వంగుతుంది. నాకు కావలసింది పుటుక్కున విరిగేది. మొక్కలో ప్రతి కణానికీ ఒక గోడ ఉంటుంది. చక్కెరలను గొలుసులుగా కూర్చి మొక్క ఆ గోడ కట్టుకుంటుంది. ఆ కట్టుబడి చేయించే జన్యువు ఏదో మాకప్పటికి తెలియదు. అది చెడితే గోడ పెళుసై ఆకు విరుగుతుంది. అలాంటి మొక్క దొరికితే, దాని గింజలు తరం తరవాత తరం వేసి జాడ తీయవచ్చు. మేస్త్రీని పట్టుకోవాలంటే ముందు కూలే గోడ దొరకాలన్నమాట.

ఎన్ని చేలు తిరిగానో, చివరికి గురజాల దగ్గర ఒక విత్తన జొన్న చేలో దొరికింది. ఆకు వంచితే అప్పడంలా ఫట్‌మంది! కంకి ఇంకా పాలమీదే ఉంది, గింజ గట్టిపడేదాకా ఆగాలి. గుర్తుకోసం నా ఎర్ర రుమాలు చింపి పీలిక కట్టాను. చేను గల రైతుకు చెబితే, "నీ మొక్క ఎవరూ ముట్టుకోరులే అబ్బాయ్" అన్నాడు.

మళ్లీ వెళ్లేసరికి సాలులో అక్కడ గుంట ఉంది.

విత్తన చేలో జాతి కలవని మొక్కను కేళీ అంటారు. కేళీకి పీలిక కడితే కూలోళ్లు వచ్చి పీకేస్తారు. అక్కడి పద్ధతి అది. రైతు కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిన రోజునే కేళీలు తీయించారు.

"ఏందబ్బాయ్, పీలిక కట్టింది నువ్వే గదా! అందుకే ముందు దాన్నే పీకించా" అంది రైతు భార్య.

"ఒసే, అది ఈ పిల్లోడి చదువే!" అన్నాడు రైతు తల పట్టుకుని.

"చదువా? గేదె తినేసింది గదయ్యా. చానా ఇష్టంగా తింది, కాడ గూడా వదల్లా."

కోసి ఉంటే మొదలునుంచి పిలకైనా వచ్చేది. కేళీని వేళ్లతో సహా పీకుతారు. పాలగింజ పేడలో కూడా మిగలదని తెలిసీ, గేదె కొట్టందాకా వెళ్లాను. అది నెమరేస్తూ నన్ను చూసింది. మా ఇద్దరిలో ఆ మొక్కను పూర్తిగా అరిగించుకున్నది అదే.

తరవాతి పంటలకూ అవే చేలల్లో ఆకులు వంచాను. అన్నీ వినయంగా వంగాయి. చివరికి మా గైడు, "పోనీ, ఎరువుల మీద రాసెయ్యవయ్యా" అన్నారు.

నేనూ వంగాను.