చిలకపచ్చ తాను

చిలకపచ్చ రంగు చూస్తే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలియదు. వరి నారో, మామిడి పిందెలో గుర్తు రావచ్చు. నాకు మాత్రం ముచ్చెమటలు పోస్తాయి. నాలుగేళ్ళ క్రితం ఒక ఆదివారం, శ్రీశైలం రోడ్డు మీది ఒక వినోదాల పార్కులో, వేలమంది చూస్తుండగా నా పరువు ఆ రంగులోనే పోయింది. ఎలా పోయిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, కొత్తగా మీరు కలిసినంత మాత్రాన నాకు వచ్చే నష్టమేమీ లేదు.

ముందుగా నా గొప్పతనం గురించి రెండు ముక్కలు. ఆ తర్వాత ఎలాగూ దాని ఊసు ఉండదు. శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఒక సరుకుల గోదాములో నేను సూపర్‌వైజర్ని. పెట్టెల్ని లెక్కపెట్టడం, ప్రతిదానికీ చీటీ అంటించడం, ఒక్కటీ తప్పిపోకుండా సరైన బండి ఎక్కించడం నా పని. "నా చేతిమీదుగా ఇంతవరకు ఒక్క పెట్టె పోలేదు, తెలుసా?" అని రోజూ రాత్రి భోజనాల దగ్గర అనేవాణ్ణి.

"పెట్టెలకు కాళ్ళుండవు గద," అనేది మా ఆవిడ లత, పప్పు వడ్డిస్తూ.

ఆ మాటకు కారణం ఉంది. అంతకు ముందు వేసవిలో వాళ్ళ చుట్టాల పెళ్ళిలో మా నాలుగేళ్ళ బంటిని నాకు అప్పగించి తను వంటశాలవైపు వెళ్ళింది. నేను ఎవరితోనో విమానాల గురించి ఉపన్యాసం ఇస్తూ ఒక్క క్షణం చూపు తిప్పాను. ఆ క్షణం ఇరవై నిమిషాలు సాగింది. చివరికి వాడు భోజనాల బల్ల కింద కూర్చుని లడ్డూలు తింటూ దొరికాడు. వాడికి ఏమీ కాలేదు. అయింది నాకే. ఆ రోజునుంచి వీధి చివరి దుకాణానికి పాలపొట్లం కోసం వెళ్తున్నా సరే, పిల్లల్ని నాతో ఒంటరిగా పంపడం మానేసింది లత. పైకి నవ్వేసేవాణ్ణి గానీ, నిజం చెప్పొద్దూ, చాలా బాధగా ఉండేది. ఆదివారం పక్కింటాయన తన పిల్లల్ని స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడేవాణ్ణి.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. "ఇంకెన్నాళ్ళు ఈ శిక్ష?"

లత చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "పిల్లలు పార్కుకు పోదామంటున్నరు. అమ్మను, బాపును గూడ రమ్మందం. అందర్ని నువ్వే తీస్కపో, అందర్ని నువ్వే మంచిగ తీస్కరా. గప్పుడు చూద్దాం."

పరీక్ష పెట్టిందన్నమాట. సరుకుల గోదాములో ఆరితేరిన నాకు ఐదు శాల్తీలు ఒక లెక్కా? లత, ఏడేళ్ళ మా చిన్ని, బంటి, కందుకూరు నుంచి వచ్చే మా అత్తగారు, మామగారు. మామగారు ఆ శ్రీశైలం రోడ్డు మీదే ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు చేసి రిటైరయ్యారు. అన్నేళ్ళు రోజంతా అరిచిన మనిషి, రిటైరయ్యాక మాట్లాడటమే తగ్గించేశారు. పలకరిస్తే "ఊఁ" అనేవారు, అంతే.

నా పథకం ఏమిటంటే, అందరికీ ఒకే తానులోంచి బట్ట కత్తిరించి కుట్టించడం. మా వైపు పెళ్ళిళ్ళలో ఇంటిల్లిపాదికీ అలాగే కుట్టించేవారు, ఎంత జనంలో ఉన్నా మనవాళ్ళెవరో ఇట్టే తెలిసిపోయేది. శంషాబాద్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్ళి, "దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడాలి" అన్నాను.

దుకాణదారు లోపలికి వెళ్ళి ఒక తాను తెచ్చి బల్ల మీద పరిచాడు. చిలకపచ్చ. కళ్ళు జిగేల్‌మన్నాయి. "పెద్ద ఆర్డర్ కోసం తెప్పించిన అన్నా, గీ ఒక్క తాను మిగిలింది. తడిసినా గంటల ఆరుతది. గట్టి బట్ట."

"ఎవరి ఆర్డరు?" అని తెలివైనవాడు అడుగుతాడు. నేను "తగ్గింపు ఏమైనా ఉందా?" అని అడిగాను.

ఆ పక్క సందులోని టైలరు మొహం బట్టను చూడగానే వెలిగిపోయింది. "ఈ బట్టనా! కండ్లు మూసుకొని కుడత అన్నా. మొన్న నెలంతా గిదే కుట్టిన." ఎంత శుభశకునం అనుకున్నాను. నాలుగురోజుల్లో అన్నీ కుట్టి ఇచ్చాడు. మామగారికీ, నాకూ, బంటికీ చొక్కాలు, లతకు కుర్తా, చిన్నికి గౌను, అత్తగారికి జాకెట్టు. మగవాళ్ళ చొక్కా జేబుల మీద పసుపు పట్టీ కూడా కుట్టి ఉంది. నేను చెప్పనేలేదు. "అలవాటుల పడ్డది అన్నా, మంచిగనే ఉంది గద," అన్నాడు. నిజంగానే బాగుంది.

ఆ ఆదివారం పొద్దున్నే పిల్లల చేతుల మీద పెన్నుతో లత ఫోను నెంబరు రాశాను. తప్పిపోతే ఎవరికైనా చూపించాలన్నమాట. పెట్టెకు చీటీలాగా. తుక్కుగూడలో బస్సు దిగి, నేను ముందే పంపిన కొత్తబట్టల్లో నిలబడిన అత్తగారినీ, మామగారినీ కారెక్కించుకున్నాను. నెత్తిమీద విమానాలు, కారులో ఆరుగురం చిలకపచ్చ మనుషులం. దారిలో లారీ డ్రైవర్లు కూడా మమ్మల్ని వంగి చూశారు.

పార్కు గేటు దగ్గర కాపలా అతను మామగారిని ఆపాడు. "డ్యూటీవాళ్ళకు వెనుక గేటు, బాపూ."

నాకు అర్థం కాలేదు. టిక్కెట్లు చూపించి లోపలికి నడిచాం. నాలుగడుగులు వేశాక లత ఠక్కున ఆగిపోయింది. ఎదురుగా చెత్త ఊడుస్తున్న అతను చిలకపచ్చ. రంగులరాట్నం తిప్పుతున్న అతను చిలకపచ్చ. దారి చూపిస్తున్న అతను, గొట్టంతో మొక్కలకు నీళ్ళు పడుతున్న అతను, అందరూ చిలకపచ్చే. అందరి జేబుల మీదా పసుపు పట్టీ.

"ఏమయ్యా," అంది లత మెల్లగా, "ఈడ పనిచేసేటోళ్ళందరు మనింటోళ్ళు ఎప్పుడైన్రు?"

నేను తడుముకోకుండా, "మంచిదేగా, అందరూ మనవాళ్ళే అనుకుంటే ధైర్యంగా ఉంటుంది," అన్నాను. అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

అసలు విశేషం మామగారిది. ఒకావిడ ఆయన దగ్గరికొచ్చి, "అంకుల్, మంచినీళ్ళు ఎక్కడ?" అంది. ఆయన అటూ ఇటూ చూసి కుళాయి కనిపెట్టి చూపించారు. ఆ తర్వాత ఇంకొకాయన, ఆపైన ఒక పెద్ద కుటుంబం. పెద్ద చక్రం దగ్గర జనం తోసుకుంటుంటే ఆయనలో ముప్పై ఏళ్ళ సర్వీసు ఒక్కసారి లేచి నిలబడింది.

"లైన్ల రాండ్రి! తోసుకోకుండ్రి! ముంగటికి జరుగుండ్రి, ఎనక జాగ ఉంది! పిల్లలను ఒళ్ళె కూసోబెట్టుకోండ్రి!" అని అరిచి, అందరూ సర్దుకోగానే, "రైట్ రైట్!" అన్నారు. చక్రం తిప్పే అతను మారుమాట్లాడకుండా మీట నొక్కాడు.

"మా ఆయన గొంతు మల్లొచ్చింది," అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళు మెరవడం నేను చూశాను.

ఇంతవరకు కథ బాగానే ఉంది. ఇక్కడితో ఆపేస్తే నేను గొప్ప అల్లుణ్ణి. కానీ పడవ ఎక్కాం.

ఆ పడవ కొండంత ఎత్తునుంచి ధబాలున నీళ్ళలో పడుతుంది. ఎక్కేముందు అందరి ఫోన్లూ, నా పర్సూ, టిక్కెట్లూ, పొడిబట్టలూ అన్నీ లాకర్లో పెట్టి, తాళంచెవిని నా ముంజేతికే కట్టుకున్నాను. "ఒక్కరి దగ్గరే ఉంటే భద్రం," అని ఉపదేశం కూడా ఇచ్చాను. దిగేసరికి ఆరుగురం నిలువునా తడిసిపోయాం.

"అందరూ ఈ బెంచీ మీదే కూర్చోండి. ఒక్కరు కూడా కదలొద్దు. పొడిబట్టలు తెస్తాను," అన్నాను.

"నువ్వు మంచిగ పో, మంచిగ రా," అంది లత.

యాభై అడుగులు వేశానో లేదో, ముందు మామగారు నడిచిపోతూ కనపడ్డారు! అదే చొక్కా, అదే నెరిసిన తల, అదే కాస్త ఒంగిన వీపు. కదలొద్దన్నానా, మళ్ళీ ఏదో లైను సర్దడానికి నాకంటే ముందు బయలుదేరారనుకున్నాను. "మామయ్యగారూ!" అని పిలిచాను. పలకలేదు. ఇన్నేళ్ళు ఇంజను పక్కన నిలబడ్డ చెవులు కదా అని వెంటపడ్డాను. ఆయన ఒక చిన్న తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. తలుపు మీద ఏదో రాసి ఉంది, చదివే తీరిక ఎవరికి? నేనూ దూరాను.

ఆయన వెనక్కి తిరిగారు. బుంగమీసాలు. మామగారికి మీసాలే లేవు.

"ఏంది తమ్మీ?" అన్నాడాయన.

నేను నోరు తెరిచేలోగా మెడలో ఈల వేలాడుతున్న మనిషి ఒకడు వచ్చాడు. "మంఖాల్ ఊరినుంచి కొత్తగ పనికి వస్తనన్నది నువ్వేనా? గింత లేటా?"

"కాదండీ, నేను మా మామయ్యగారిని..."

"మామను తర్వాత చూద్దువు. గా ట్యూబులు పైకి మొయ్యి, లైను ఆగింది!"

"నేను పార్కు చూడ్డానికి వచ్చానండీ! కావాలంటే ఇదిగో, లాకరు తాళం!"

"లాకర్ డ్యూటీ రేపు. ఇయ్యాల ట్యూబులు."

నోరు లేదా నీకు, అని మీరు అడుగుతారు. ఉంది. కానీ నేనూ సూపర్‌వైజర్నే కదా! పనికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇలాంటి కథలు నాకెన్ని చెప్పలేదు, నేను ఒక్కటైనా నమ్మానా? ఆయన స్థానంలో ఉంటే నేనూ సరిగ్గా అదే మాట అనేవాణ్ణి. పైగా పైనుంచి చూస్తే మావాళ్ళు కనపడతారు గదా అని నీళ్ళ జారుడుబల్ల మీద కూర్చుని జారే గాలి ట్యూబులు రెండు భుజాన వేసుకుని నాలుగంతస్తుల మెట్లెక్కాను. పైనుంచి చూస్తే పార్కంతా చిలకపచ్చ చుక్కలు. వాటిలో మావాళ్ళెవరో దేవుడికి తెలియాలి. బంటి బెంచీ మీదే ఉన్నాడా? ఆ పెళ్ళినాటి ఇరవై నిమిషాలు మళ్ళీ మొదలయ్యాయా?

"అన్నా, జర మా బాబును ట్యూబుల కూసోబెట్టు," అంది వెనకనుంచి ఎవరో ఆవిడ. కూర్చోబెట్టాను. ఇంకో నలుగుర్ని కూర్చోబెట్టాను. కిందికి దిగితే మళ్ళీ ట్యూబులు, మళ్ళీ మెట్లు. మూడో విడత మోస్తుండగా మైకు గరగరలాడింది.

"హలో... దీన్లనేనా మాట్లాడేది?" పెద్ద చక్రం దగ్గర 'రైట్ రైట్' అన్న ఆ గొంతు నాకు బాగా తెలుసు. "అందరు జర ఇనుండ్రి! శంషాబాద్ నుంచి వచ్చిన శీను అనే మనిషి తప్పిపోయిండు. ముప్పై ఎనిమిదేండ్లుంటయి. చిలకపచ్చ అంగి, జేబు మీద పసుపు పట్టి. జర బట్టతల. చేతికి లాకర్ చావి ఉంటది. పెండ్లాం పిల్లలు తడిబట్టల మీద పరేషాన్ అయితున్నరు. ఎవలకన్న కనబడితే బెదరగొట్టకుండ, చెయ్యి పట్టుకొని ఆఫీసు కాడికి తోల్కరాండ్రి!"

మెట్ల మీద లైనంతా నావైపు తిరిగింది. ఈల మనిషి నా చొక్కా చూశాడు, చేతికున్న తాళంచెవి చూశాడు, చివరికి తల చూశాడు. తల చూశాక అతనికి అనుమానం మిగల్లేదు. నిజంగానే నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. దారిపొడుగునా పిల్లలు వేళ్ళు చూపిస్తూ, "అమ్మా, తప్పిపోయిన అంకుల్!" అని కేకలు. ఆఫీసులో తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే బుల్లి బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, వాళ్ళకిచ్చే చాక్లెట్టే నాకూ ఇచ్చారు.

అందరూ లోపలికి వచ్చారు. నేను గబగబా లెక్కపెట్టాను. లత, చిన్ని, బంటి, అత్తగారు, మామగారు. ఐదుగురు. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదుగురే. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

"డాడీ, ఏడ్చినవా?" అన్నాడు బంటి, నా చేతిలో చాక్లెట్టు లాక్కుంటూ.

"చూశావా లతా," అన్నాను ఎలాగో తేరుకుని, "ఒక్కరు కూడా తప్పిపోలేదు!"

"అవును, అందరం ఉన్నం. లెక్కపెట్టేటోడే లేకుండ పోయిండు," అంది లత. "పిల్లల చేతుల మీద నా నెంబరు రాస్తివి. నా ఫోనేమో లాకర్ల పెడ్తివి. చావేమో నీ చేతికి కట్టుకొని పోతివి. ఇగ ఎవలు ఎవలకు ఫోన్ చెయ్యాలె?"

నేను తాళంచెవి విప్పి లత చేతిలో పెట్టాను. ఈల మనిషి మాత్రం వెళ్తూ వెళ్తూ, "మంచిగ మోస్తున్నవన్నా, పని కావాల్నంటే రా," అన్నాడు. తిరిగి తుక్కుగూడ చేరేదాకా మామగారు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు.

వాళ్ళిద్దర్నీ బస్సెక్కించి కారు కదిలించాక తీర్పు చెప్పింది లత. "సరే. ఇగ ఆదివారాలు బయటికి పోవచ్చు."

నా ఆనందం అంతా ఇంతా కాదు. "పిల్లల్ని నాతో పంపిస్తావా?"

"లే. నిన్ను పిల్లలతోని పంపిస్త."

వెనక సీట్లోంచి చిన్ని పెన్ను చూపించింది. "డాడీ, ఇంటికి పోయినంక చెయ్యి చాపు," అంది.

కనుక పాఠక మహాశయులారా, శ్రీశైలం రోడ్డు మీద తిరిగే సమస్త బస్సుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఒకే తానులోంచి రెండు చొక్కాలు కుట్టించను. తప్పిపోయిన మామగారిని వెతకబోయేముందు ఆయన మీసాలు చూసుకుంటాను. లాకరు తాళం లతకే ఇస్తాను. నేను మళ్ళీ తప్పిపోతే మాత్రం భయపడకండి, నా కుడిచేతి మీద నెంబరు ఉంటుంది. ప్రతి ఆదివారం స్నానం చేశాక చిన్ని కొత్తగా రాస్తుంది.