బుధవారం తీసేసిన నిబంధన

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లకు కాపలా కాసే ఫైర్‌వాల్ ఆయన చేతిలో ఉండేది. ఏది లోపలికి రావాలో, ఏది బయటే ఆగాలో నిబంధనలు రాసేది ఆయనే. అందుకే అందరూ గేటాయన అనేవారు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. ఒక్క నిబంధన మార్చాలన్నా నోటుబుక్కులో కారణం రాసి, మార్చి, పరీక్షించి, కింద సంతకం పెట్టేవాడు. ఆ జాగ్రత్త మీద కాస్త గర్వం కూడా ఉండేది, లేదనడం దేనికి.

ఒక బుధవారం అక్కర్లేవనిపించిన పాత నిబంధనలు కొన్ని తీసేశాడు. ల్యాబు యంత్రం నుంచి వార్డుకు రక్తపరీక్షల ఫలితాలు ఎప్పటిలాగే వస్తున్నాయి. అంతా సవ్యమని సంతకం పెట్టాడు.

శనివారం ఉదయం ల్యాబులో కేబుళ్లు సర్దడానికి ఆయన బావమరిది వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. అక్కడ ఆ పని బావ మాట మీదే దొరికింది. యంత్రాన్ని ఆపి, కింద చిక్కుపడ్డ కట్టలు సర్ది, మళ్లీ ఆన్ చేశాడు. అంతే, వార్డుకు ఫలితాలు ఆగిపోయాయి. కాకి వాలడం, తాటిపండు పడటం ఒక్కసారే జరిగితే లోకం కాకినే పట్టుకుంటుంది.

"ఇక ఆ కేబుల్ మనిషిని పిలవకండి" అంది సూపరింటెండెంటమ్మ.

గేటాయన కూడా ఫోనులో విసుక్కున్నాడు. "ఏదో లాగేసుంటావురా. చూసుకోవద్దూ?"

"సరే బావా, మళ్లీ చూస్తాను" అన్నాడతను.

నర్సులు ఫలితాల కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగుతున్నారు. గేటాయన ఫైర్‌వాల్ చిట్టా తెరిచాడు. ల్యాబు నుంచి వచ్చిన ప్రతి పిలుపునూ ఫైర్‌వాలే వెనక్కి కొట్టింది. అంటే కేబుల్ బాగానే ఉంది. నోటుబుక్కు తిరగేస్తే, ల్యాబు పిలుపును రానిచ్చే నిబంధన బుధవారం తీసేసిన వాటిలో కనిపించింది.

ఫైర్‌వాల్‌కు జ్ఞాపకం ఎక్కువ. ఒకసారి రానిచ్చిన సంభాషణను, అది తెగేదాకా మళ్లీ ఆరా తీయకుండా సాగనిస్తుంది. బుధవారం ఆయన చూసి మురిసింది ఆ పాత సంభాషణనే. యంత్రం ఆగి లేచాక కొత్తగా తలుపు తట్టింది, తీసే దిక్కు లేకపోయింది. పాతది తెంపి, కొత్తగా కలిపి పరీక్షించాలన్నది ఈ పనిలో మొదటి పాఠం.

ఆ నిబంధన తిరిగి పెట్టాడు. ఫలితాలు కదిలాయి. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుందామనే అనిపించింది కూడా. అయినా లేచి సూపరింటెండెంటమ్మ గదికి వెళ్లాడు.

"తప్పు నాదండీ. కేబుళ్లు సర్దినతనిది కాదు."

ఆవిడ కళ్లజోడు తీసి చూసింది. "అదే రాసివ్వండి. అతన్ని సోమవారం రమ్మనండి."

ల్యాబులో బావమరిది నేలమీదే ఉన్నాడు. చేతిలో కేబుల్ టెస్టరు.

"ఫలితాలు వస్తున్నాయిరా. నువ్వేం చెయ్యలేదు, అంతా నా నిర్వాకం."

అతను టెస్టరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాలుగుసార్లు పెట్టి చూశాను బావా. నాలుగుసార్లూ కేబుల్ బాగుందనే చూపించింది. నువ్వు కాదన్నావు కదా, ఇదే పాడైందనుకున్నా."