అవ్వ నోట రాని పేరు

ఇన్నాళ్లకు మా వంశవృక్షం రాయాలని బుద్ధి పుట్టింది. ఈ ఉదయం కొత్త నోటుబుక్కు కొని, విరుదునగర్‌లో బస్సెక్కి, కోవిల్‌పట్టిలో ఉన్న మా అవ్వ దగ్గరికి వెళ్లాను. నాన్న తల్లి, తొంభై దాటిన మనిషి. ఆమె మామగారి పేరు, అంటే మా ముత్తాత పేరు, చెప్పమన్నాను.

అవ్వ చెవులు మూసుకున్నంత పని చేసింది.

"మామ పేరు నోట్లో ఎట్లప్పా సెప్పేది? నీకే కదా ఆ పేరు పెట్టింది! నేను పలకకూడదనే నిన్ను చిన్నయ్యా అంటిమి. మీ నాయన ఉండేప్పుడు అడిగుంటే సెప్పుంటాడే."

ఆ చిన్నయ్యే బడిలో చిన్నసామి అయ్యాడు. నాకు పెట్టిన పేరు నాకే తెలియదు. నాన్న పోయి ఆరేళ్లు. రోజూ ఆయనతో వానల గురించి మాట్లాడాను గానీ, ఈ ఒక్క మాట అడగలేదు.

తిరుత్తంగల్‌లోని చిన్నాన్నకు ఫోన్ చేస్తే, "మా నాయన ఇనిషియల్ ఆర్ అని మట్టుకు తెలుసురా" అన్నాడు. మా వైపు ఇనిషియల్ అంటే ఇంటిపేరు కాదు, తండ్రి పేరులోని మొదటి అక్షరం.

పేర్లు నేను చెబుతాను, నువ్వు తల ఊపితే చాలని అవ్వతో అన్నాను. అవ్వ ఒప్పుకుంది. రామసామి, రంగప్ప, రాఘవులు... తోచినవన్నీ చెప్పాను. అన్నింటికీ తల అడ్డంగానే ఊపింది. అలా ఊపుతూనే నిద్రపోయింది.

మీ ఇళ్లలో ఆర్‌తో మొదలయ్యే పాతకాలపు పేర్లుంటే ఇక్కడ రాయండి. నా పేరు కోసం ఊరందరినీ అడుక్కుంటున్నాను, నవ్వుకున్నా పరవాలేదు. కాస్త త్వరగా రాయండి. అవ్వ ఈ మధ్య ఎక్కువగా నిద్రపోతోంది.