పైకి వెళ్ళే బాణం

ఆ అపార్ట్‌మెంటులో అందరూ ఆమెను చేతుల మేడమ్ అంటారు. మాటలను సైగల్లోకి, సైగలను మాటల్లోకి మార్చి చెవులు వినబడనివాళ్ళకు దుబాసీగా ఉండడం ఆమె ఉద్యోగం. పుట్టుకతో చెవుడున్న తల్లి దగ్గర పెరిగింది కాబట్టి నోటికన్నా ముందు చేతులకే మాటలొచ్చాయి. ఆ చేతులు ఊరికే ఉండవు. కూర తరుగుతున్నా సరే, కత్తితో సహా గాలిలో ఏదో అంటుంటాయి. అందుకే అత్తగారు ఆ సమయంలో ఆమెకు ఎదురుగా నిలబడదు.

ఆ పొద్దున మాత్రం మనిషి మొత్తం కాలుగాలిన పిల్లి. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి. ఇంకాసేపట్లో కళ్ళద్దాల కంపెనీవాళ్ళు వినబడని అమ్మాయి ఒకతెను వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారు. అద్దాలు అరగదీయడంలో ఆ పిల్లది అందె వేసిన చెయ్యి. కిందటి వారం ఇదే ఇంటర్వ్యూ బూడిదలో పోసిన పన్నీరైంది. అధికారి ప్రశ్న అడిగాడు, మేడమ్ చేతులెత్తింది, సగంలో తెర మీద ఆమె బొమ్మ బిగుసుకుపోయింది. అవతల ఆ పిల్ల మర్యాదగా నవ్వుతూ మిగతా సగం కోసం ఎదురుచూసింది. జవాబు తెలియదు కాబోలు అనుకుని అధికారులు సెలవు తీసుకున్నారు. ఎంతో బతిమాలితే మరొక్కసారి చూస్తామన్నారు. ఇదే ఆఖరు.

మేడమ్ ఊరుకోలేదు. పట్టుబట్టి ఇంటర్నెట్ ప్లాన్ పెద్దది చేయించింది. స్పీడ్ చూపించే పేజీ తెరిస్తే కిందికి దిగే బాణం పక్కన అంకె దిట్టంగా కనబడింది. మొగుడు ఒక సినిమాను చిటికెలో దింపి చూపించాడు కూడా. తీరా ఇందాక పరీక్షకని ఆ పిల్లకు వీడియో కాల్ చేస్తే, పిల్ల చేత్తో చెప్పిన మొదటి మాట, "మీ చెయ్యి మళ్ళీ ఆగిపోయింది."

"ఇంట్లో ఎవరేం చేస్తున్నారు?" హాల్లోకొచ్చి అరిచింది.

"ఏం చేస్తాం? నోరు మెదపకుండా కూర్చున్నాంగా" అన్నాడు మొగుడు, ఇయర్‌ఫోన్లు తీసి.

ఆ ఇంటి కట్టుబాటు అది. ఆమె పనిలో ఉందంటే చప్పుడు ఉండకూడదు. అత్తగారు సీరియల్‌ను మూగగా చూస్తుంది. మామగారు మరీ బుద్ధిమంతుడు, బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. చప్పుడు లేకపోతే ఇంటర్నెట్ మీద కూడా బరువు లేనట్టేనని వాళ్ళ నమ్మకం. మేడమ్ నమ్మకమూ అదే, చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ.

చివరికి ఇంటర్నెట్ కంపెనీ సర్వీసుకు ఫోన్ చేసి దులిపేసింది. అవతలి ఆపరేటరమ్మ ఓపికస్తురాలు.

"మేడమ్, కింది బాణం సరే. పైకి వెళ్ళే బాణం పక్కన ఎంతుంది?"

ఆమె అటు ఎప్పుడూ చూడనే లేదు. చూస్తే అక్కడ అంకె చీమంత.

"అదీ సంగతి. కుళాయి ధారగా వస్తున్నా సింకు కన్నం చిన్నదనుకోండి. ఇంట్లోకొచ్చే దారి పెద్దది చేశారు, బయటికి పోయే దారి పాతదే. మీ బొమ్మ ఆ దారినే పోవాలి. ఒక్కరికైతే సరిపోతుంది. ఇంకెవరో కూడా అదే దారిలో పంపిస్తున్నారు, చూడండి."

చూసింది. అత్తగారి టీవీ తెచ్చుకునేదే గానీ పంపేది కాదు. మొగుడి పాటలూ అంతే. ఇక మిగిలింది బాల్కనీ. తలుపు విసురుగా తోసింది.

మామగారు పూలకుండీకి ఫోన్ ఆనించి, దాని ముందు వేళ్ళు వంకర్లు తిప్పుతున్నాడు. ఫోన్‌లో అమ్మ. తన అమ్మ.

పెళ్ళయిన నాటి నుంచీ వియ్యపురాలు వస్తే నవ్వి, తలూపి, పేపరు చాటుకు తప్పుకునే మనిషి ఈయన. ఆ తప్పుకోవడం కోడలికి ముల్లులా గుచ్చుకునేది.

"మీ అమ్మగారు నేర్పిస్తున్నారమ్మా" అన్నాడు దొంగలా దొరికిపోయి. "నువ్వు పనిలో ఉన్నప్పుడైతే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, ఎవరూ చూడరు కదాని."

"బొమ్మ ఆగిపోవట్లేదా మామయ్యా?"

"ఆగుతుంది. అక్కడ నా చెయ్యి ఆగినప్పుడే ఏ వేలు ఎక్కడ తప్పిందో మీ అమ్మగారు బాగా పట్టుకుంటారు."

గదిలో ఇంటర్వ్యూ కాల్ తెరిచే ఉంది. అక్కడ అధికారులు వచ్చేస్తున్నారు. "అమ్మా, పెట్టెయ్, మళ్ళీ చేస్తా" అని గబగబా సైగ చేసింది. అందలేదు. బిగుసుకుపోయిన కూతురి చేతుల ముందు అమ్మ నవ్వుతూ ఎదురుచూస్తోంది. కిందటి వారం ఆ పిల్ల నవ్విన నవ్వే. మేడమ్ కాల్ కట్ చేసింది.

ఇంటర్వ్యూలో ఈసారి ప్రతి వేలూ అవతలికి చేరింది. అద్దం మీద గీత పడితే ఏం చేస్తావని అధికారి అడిగాడు. "గీత పడే ముందే చేతికి తెలుస్తుంది, ఆపేస్తాను" అంది పిల్ల సైగల్లో. మేడమ్ దాన్ని అధికారులకు పైకి చెప్పింది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, పనిలో చేరమన్నారు. తెర మీద ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

మేడమ్ తిన్నగా బాల్కనీలోకి నడిచింది. మామగారు చీకట్లు కమ్మిన మొహంతో ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఫోన్ తీసుకుని, అమ్మకు కలిపి, కుండీకి ఆనించింది.

"ఇప్పుడు దారి ఖాళీ, మామయ్యా. బొటనవేలు లోపలికి మడవండి."

ఆయన మడిచాడు. నెమ్మదిగా, తడుముకుంటూ, "చెల్లెమ్మగారూ, బాగున్నారా?" అని చేతులతో అడిగాడు. అమ్మ బాగున్నానంది, ఆయన మోకాలి నొప్పి ఎలా ఉందని తిరిగి అడిగింది. మోకాలు చూపించి ఆయన మొహం చిట్లించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మధ్యలో దుబాసీ అవసరం పడలేదు. చేతుల మేడమ్ గడప మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.