షాబ్రొలా గారికి దర్శకుడి చీటీలు

ఫ్రాన్సులోని నెవేర్ పట్టణపు నాటకరంగ చరిత్రను ఎవరైనా పండితులు రాయదలిస్తే దాన్ని రెండు యుగాలుగా విడగొట్టక తప్పదు: ఫెర్నాన్ షాబ్రొలా తనకు తాను చీటీలు రాసుకోకముందు, రాసుకున్న తర్వాత. మొదటి యుగం గురించి ఆధారాలు తక్కువ. రెండోది 1951లో ఒకానొక గురువారం మొదలైంది.

ఆట ముగిశాక దర్శకుడు నటుల తప్పులు చీటీల మీద రాసి వాళ్లు వేషం వేసుకునే అద్దాలకు అంటించడం ఆ బృందంలో ఆనవాయితీ. షాబ్రొలా దర్శకుడూ తానే, ప్రధాన హాస్యనటుడూ తానే. అందరికీ రాసి తనను వదిలేస్తే పక్షపాతం అంటారని ఆ రోజు తన అద్దానికీ ఒకటి అంటించాడు. 'షాబ్రొలా గారూ, రెండో అంకంలో మీరు తలుపు ఆలస్యంగా తీశారు. ఇది సహించరానిది.' మర్నాడు అది చదివి నటుడు షాబ్రొలా గంటసేపు అలిగాడు.

అంతకుముందు పారిస్‌లో ఆయన పదకొండేళ్లు పళ్లేలు మోశాడు. హోటల్లో కాదు, రంగస్థలం మీద. నౌకరు వేషాలన్నీ ఆయనవే. రెండు సినిమాల్లో ఆయన వీపు స్పష్టంగా కనబడుతుంది. జనం తన ముఖం కూడా చూడాలన్న కోరికతో సొంతూరికి తిరిగొచ్చి, నాటకాల దుస్తులు కుట్టే ఒదీల్‌ను పెళ్లాడి, బృందం పెట్టి, 'కల్నల్ గారి దుప్పటి' అనే ప్రహసనం రాసి, అందులో కల్నల్ భార్య ప్రియుడి వేషం తనకే ఇచ్చుకున్నాడు. కల్నల్ మంచం మీద కూర్చుని "ఎవరక్కడ?" అనగానే, కింద నక్కిన ప్రియుడు అవతలి వైపుకి దొర్లి, ఆరు లెక్కపెట్టేలోగా బీరువాలో దూరాలి. ఇరవై మూడేళ్లు దూరాడు.

అరవై నాలుగో ఏట మోకాళ్లు మొరాయించాయి. ఆరు ఏడైంది, ఏడు తొమ్మిదైంది. 'షాబ్రొలా గారూ, తొమ్మిది!' అని దర్శకుడు రాస్తే, 'నేల వాలుగా ఉంది' అని నటుడు దాని కిందే జవాబు రాశాడు. ఆ వేషం పోతే నటుడికి ఇంకేమీ మిగలదు. ఆ సంగతి దర్శకుడికీ తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలో మోకాలు పట్టేసి, సగం మంచం కింద, సగం బయట ఆయన ఆగిపోయాడు. కల్నల్ మూడుసార్లు "ఎవరక్కడ?" అన్నాడు. చివరికి, మూడో అంకంలో రావాల్సిన పోలీసు రెండో అంకంలోనే వచ్చి, ప్రియుణ్ణి కాళ్లు పట్టి ఈడ్చుకుపోయాడు. హాలు దద్దరిల్లింది.

"చూశావా ఒదీల్, ఎలా నవ్వారో! ఇకనుంచి రోజూ ఇలాగే చేద్దాం" అన్నాడు షాబ్రొలా తెరవెనక, కుర్చీలో కూలబడి.

"రోజూ ఇరుక్కుంటావా? ఏ పూట పట్టెయ్యాలో మోకాలికి చెప్పి పెట్టావా?"

పోలీసు వేషం వేసిన రెజీస్ టోపీ తీశాడు. "ఈడ్చడం నాకేం కష్టం కాదు గురువుగారూ. పగలంతా కొట్లో టైర్లు ఈడ్చేవాణ్ణే. కానీ మీరు 'అమ్మో' అన్నారు. ఆ మాట నాటకంలో లేదు."

"ఈడ్చావుగా, ఇక నోరు మూసుకో!"

"అతని మీద ఎగురుతావేం?" అంది ఒదీల్. "చీటీ రాసుకో. అందరికీ రాస్తావుగా."

"ఏమని రాయను?"

"రెజీస్ ఇరుక్కుంటే ఏం రాసేవాడివో, అదే."

సోమవారం ఆట లేదు. మధ్యాహ్నం భోజనంలో పప్పుగింజలూ సాసేజీ సగంలో వదిలేసి షాబ్రొలా చీటీ రాశాడు. నాటకశాలకు నడిచి వెళ్లి తన అద్దానికి అంటించి తిరిగొచ్చాడు. మంగళవారం నటుడు దాన్ని చదివాడు. 'షాబ్రొలా గారూ, ఇన్నేళ్ల మీ శ్రమకు కృతజ్ఞతలు. శుక్రవారం నుంచి ప్రియుడి వేషం రెజీస్ వేస్తాడు. దయచేసి వాదించవద్దు.'

ఆయన రుసరుసలాడుతూ ఒదీల్ కుట్టుమిషన్ దగ్గరికి వెళ్లాడు.

"చూశావా పొగరు!"

"ఎవరిదయ్యా?"

"దర్శకుడిది."

"అయితే వెళ్లి అతనితోనే తేల్చుకో" అంది, తల ఎత్తకుండా.

ఆయన అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత రెజీస్‌ను పిలిచి, దొర్లేటప్పుడు ముందు ఎడమ భుజం తిప్పాలని మూడు రోజులు నేర్పాడు.

శుక్రవారం తెర లేచేముందు వేషం మారిన సంగతి తానే వేదిక మీదికి వచ్చి ప్రకటించాడు. రెజీస్ అయిదు లెక్కపెట్టేలోగా బీరువాలో ఉన్నాడు. నవ్వులు ఎప్పుడూ వచ్చే చోటే వచ్చాయి.

మర్నాడు స్థానిక పత్రికలో నాటకం గురించి నాలుగు వాక్యాలు పడ్డాయి. మంచం కింద షాబ్రొలా ఎప్పటిలాగే చురుగ్గా దొర్లారని మూడో వాక్యంలో ఉంది.